ఇంటిలో డిజిటల్ సినిమాల నిల్వ, ప్రదర్శన

ఇంటిలో డిజిటల్ సినిమాల నిల్వ అనగా ఒక కుటుంబం తన వద్దనున్న చలనచిత్రాలను, వీడియోలను కంప్యూటరు ఫైళ్ళ రూపంలో భద్రపరచి, కావలసినపుడు టెలివిజను మీద గాని, ప్రొజెక్టరు ద్వారా గాని, ఫోనులో గాని చూసుకొనే విధానం. ఇటువంటి సేకరణను గృహ చలనచిత్ర భాండాగారం అని కూడా అనవచ్చు. కొనుక్కున్న డిస్కులలోని సినిమాలు, పాత పెళ్ళి క్యాసెట్లు, కుటుంబ సభ్యులు స్వయంగా చిత్రీకరించిన దృశ్యాలు ఇందులో చేరతాయి.

అచ్చు పుస్తకాన్ని బీరువాలో ఉంచి ముప్పై ఏళ్ళ తరువాత తీసినా చదువుకోవచ్చు. డిజిటల్ సినిమాను ముప్పై ఏళ్ళ తరువాత చూడాలంటే మూడు విషయాలు ఒకేసారి సమకూడాలి. ఫైలులోని సమాచారం చెడిపోకుండా ఉండాలి, దానిని దాచిన సాధనం పనిచేస్తూ ఉండాలి, ఆ ఫైలును అర్థం చేసుకోగల సాఫ్టువేరు అప్పటికి లభ్యం కావాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా సినిమా పోయినట్లే. అందువలన డిజిటల్ నిల్వ ఒకసారి చేసి మరచిపోయే పని కాదు. ప్రతులు తీయడం, వాటిని అప్పుడప్పుడు పరీక్షించడం, పాత సాధనాల నుండి కొత్త సాధనాలకు మార్చడం ఎప్పుడూ కొనసాగవలసిన పనులు.

నేపథ్యం

సినిమాలు నశించిపోవడం భారతదేశంలో కొత్త విషయం కాదు. 1931లో విడుదలైన తొలి భారతీయ టాకీ ఆలం ఆరా ప్రతి ఒక్కటి కూడా నేడు లభించడం లేదు. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో 1932లో వచ్చిన తొలి పూర్తి నిడివి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదకు కూడా అదే గతి పట్టింది. ఆ కాలపు ఫిల్ము సెల్యులోజ్ నైట్రేటుతో తయారయ్యేది. అది సులభంగా అంటుకొని మండుతుంది, కాలక్రమేణా తనంతట తానే క్షీణిస్తుంది. 1950వ దశకం నుండి దాని స్థానంలో పూర్తిగా వాడుకలోకి వచ్చిన అసిటేటు ఫిల్ము కూడా వేడికి, తేమకు పాడై పుల్లని వాసన వేస్తుంది.

సినిమాలను భద్రపరచడానికి 1964లో పూణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం స్థాపించబడినది. దానికి పి.కె.నాయర్ చేసిన సేవ సుప్రసిద్ధం. 2003 జనవరిలో పూణెలో జరిగిన అగ్నిప్రమాదంలో అక్కడ నిల్వ ఉంచిన నైట్రేటు ఫిల్ములు అనేకం కాలిపోయాయి. 2022లో ఈ భాండాగారాన్ని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో విలీనం చేశారు.

సామాన్య ప్రేక్షకుని ఇంటికి సినిమా క్యాసెట్టు రూపంలో వచ్చింది. 1976లో జపానులో వెలువడిన వీహెచ్ఎస్ క్యాసెట్టు 1980వ దశకంలో మన ఊళ్ళలోని వీడియో దుకాణాలకు చేరింది. పెళ్ళిళ్ళను వీడియో తీయించడం కూడా ఆ కాలంలోనే ఆనవాయితీ అయ్యింది. తరువాత డిస్కుల యుగం మొదలయ్యింది.

వీసీడీ: 1993లో రూపొందిన ప్రమాణం. చిత్రానికి సెకనుకు సుమారు 1.15 మెగాబిట్లు కేటాయిస్తుంది. ఒక డిస్కులో 74 నిముషాలు పడుతుంది. అందుకే రెండున్నర, మూడు గంటల తెలుగు సినిమాకు రెండు మూడు డిస్కులు ఉండేవి.

డీవీడీ: 1996లో జపానులో విడుదలైంది. ఒక పొర ఉన్న డిస్కులో 4.7 జీబీ, రెండు పొరల డిస్కులో 8.5 జీబీ సమాచారం పడుతుంది.

బ్లూ-రే: 2006లో విపణిలోకి వచ్చింది. ఒక పొరకు 25 జీబీ చొప్పున రెండు పొరలకు 50 జీబీ పడుతుంది. 4కే స్పష్టత గల బ్లూ-రే డిస్కులు 2016లో వచ్చాయి.

ఈ మాధ్యమాలన్నీ ఒకదాని తరువాత ఒకటి వెనుకబడ్డాయి. వీసీఆర్లను తయారు చేస్తున్న చివరి ప్రముఖ సంస్థ, జపానుకు చెందిన ఫునాయ్, 2016లో వాటి తయారీని నిలిపివేసింది. ఇంట్లో సమాచారం రాసుకోవడానికి వీలైన ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో ఆపివేసింది. క్యాసెట్టు చెక్కుచెదరకుండా ఉన్నా దానిని చదివే యంత్రం లేకపోతే అందులోని దృశ్యాలు చూడలేము. ప్రవాస తెలుగువారికి ఈ ఇబ్బంది మరొక రూపంలో ఎదురైంది. భారతదేశంలో టెలివిజను పాల్ పద్ధతిలో సెకనుకు 25 చట్రాలతో నడిచేది. అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో సుమారు 30 చట్రాలతో నడిచేది. ఇక్కడ తీసిన పెళ్ళి క్యాసెట్టు అక్కడి సాధారణ వీసీఆర్లో సరిగా ఆడదు.

అంతర్జాలంలో చూసే సేవల వలన సొంత నిల్వ అవసరం తీరిపోయిందని కొందరు భావిస్తారు. అయితే ఆ సేవలు సినిమాలను పరిమిత కాలపు ఒప్పందాల మీద ప్రదర్శిస్తాయి. ఒప్పందం ముగిస్తే సినిమా జాబితా నుండి తొలగిపోతుంది. డబ్బు చెల్లించి "కొన్న" చిత్రానికీ ఈ అనిశ్చితి తప్పదు. ప్లేస్టేషను దుకాణంలో వినియోగదారులు కొన్న డిస్కవరీ కార్యక్రమాలను తొలగిస్తున్నట్లు 2023 డిసెంబరులో సోనీ ప్రకటించింది. ఒప్పందం మారిన తరువాత అదే నెలలో ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకొన్నది.

ఎంత స్థలం కావాలి?

సినిమా అంటే వరుసగా చూపే నిశ్చల చిత్రాలు. ఒక్కొక్క చిత్రాన్ని చట్రం అంటారు. 1920 అడ్డ బిందువులు, 1080 నిలువు బిందువులు గల చట్రంలో మొత్తం 20,73,600 బిందువులు ఉంటాయి. ఒక్కొక్క బిందువు రంగుకు మూడు బైట్లు చొప్పున, సెకనుకు 24 చట్రాలు లెక్కిస్తే సెకనుకు సుమారు 149 మెగాబైట్లు అవుతుంది. రెండున్నర గంటల సినిమాలో 9,000 సెకన్లు ఉంటాయి. కనుక ఏ కుదింపూ లేకుండా దాచితే ఒక్క సినిమాకే సుమారు 1.34 టెరాబైట్లు కావాలి.

ఇంత సమాచారాన్ని ఇంటిలో దాచడం సాధ్యం కాదు. అందువలన దానిని కుదిస్తారు. ఒక చట్రానికీ తరువాతి చట్రానికీ మధ్య మార్పు స్వల్పంగానే ఉంటుంది. వెనుకనున్న గోడ కదలకుండా ఉండగా పాత్రధారి చేయి మాత్రమే కదిలితే, గోడను మళ్ళీ మళ్ళీ వ్రాయకుండా చేయి కదలికను మాత్రమే నమోదు చేస్తే చాలు. కంటికి అంతగా ఆనని సూక్ష్మ వివరాలను కూడా వదలివేస్తారు. ఒకసారి వదలివేసిన వివరాలు తిరిగి రావు.

కుదించిన ఫైలు పరిమాణాన్ని సులభంగా అంచనా వేయవచ్చు. సెకనుకు ఎన్ని మెగాబిట్లో తెలిస్తే దానిని ఎనిమిదితో భాగించి, సెకన్ల సంఖ్యతో హెచ్చించాలి. రెండున్నర గంటల సినిమాకు ఈ లెక్క ఇలా ఉంటుంది:

- వీసీడీ, ధ్వనితో కలిపి సెకనుకు 1.37 మెగాబిట్లు: సుమారు 1.5 జీబీ
- డీవీడీ, సగటున 5 మెగాబిట్లు: సుమారు 5.6 జీబీ
- బాగా కుదించిన 1080 స్పష్టత, 8 మెగాబిట్లు: 9 జీబీ
- బ్లూ-రే డిస్కులో ఉన్నది ఉన్నట్లు, 30 మెగాబిట్లు: సుమారు 34 జీబీ
- 4కే బ్లూ-రే, 60 మెగాబిట్లు: సుమారు 68 జీబీ

ఒక్కొక్కటి 9 జీబీ చొప్పున 300 సినిమాలకు 2.7 టెరాబైట్లు సరిపోతాయి. అవే 300 సినిమాలను బ్లూ-రే నాణ్యతతో దాచాలంటే పది టెరాబైట్లు దాటుతుంది. ఇది ఒక్క ప్రతికి మాత్రమే. రెండవ ప్రతికి మళ్ళీ అంతే స్థలం కావాలి.

డిస్కు కొన్నవారికి తరచుగా కలిగే సందేహం ఒకటి ఉన్నది. ఒక టెరాబైటు అని వ్రాసి ఉన్న డిస్కు విండోసు కంప్యూటరులో 931 జీబీగా కనబడుతుంది. తయారీదారు టెరాబైటును లక్ష కోట్ల బైట్లుగా లెక్కించగా, విండోసు జీబీని 1024ను మూడుసార్లు హెచ్చించగా వచ్చే సంఖ్యగా లెక్కిస్తుంది. ఈ తేడా లెక్కించే పద్ధతి వలన వచ్చినదే, డిస్కులో లోపం లేదు.

ఫైలు నిర్మాణం

సినిమా ఫైలును గురించి మాట్లాడేటప్పుడు రెండు విషయాలను వేరు చేసి చూడాలి. చిత్రాన్ని, ధ్వనిని కుదించి మళ్ళీ విప్పే పద్ధతిని కోడెక్ అంటారు. అలా కుదించిన చిత్రాన్ని, ధ్వనిని, ఉపశీర్షికలను కలిపి ఉంచే పెట్టెను కంటెయినరు అంటారు. ఫైలు పేరు చివర కనబడే ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి కంటెయినర్ల పేర్లు. ఒకే రకం పెట్టెలో వేర్వేరు కోడెక్‌లు ఉండవచ్చు. అందుకే ఒక ఎంకేవీ ఫైలును ఆడించిన టెలివిజను మరొక ఎంకేవీ ఫైలును ఆడించలేకపోవచ్చు.

వీసీడీలో ఎంపెగ్-1, డీవీడీలో ఎంపెగ్-2 కోడెక్‌లు వాడారు. 2003లో వచ్చిన హెచ్.264 నేటికీ అత్యధిక సాధనాలు అర్థం చేసుకోగల కోడెక్. 2013లో వచ్చిన హెచ్.265 దాదాపు అదే నాణ్యతను ఇంకా తక్కువ స్థలంలో ఇస్తుంది. 2018లో విడుదలైన ఏవీ1 కోడెక్‌ను రాయల్టీ చెల్లించకుండా వాడుకొనేందుకు ఉద్దేశించి రూపొందించారు. మళ్ళీ తీయడానికి వీలులేని దృశ్యాలకు, ఏ వివరమూ కోల్పోకుండా కుదించే ఎఫ్ఎఫ్‌వీ1 అనే కోడెక్ ఉన్నది. దీనిని భాండాగారాలు కూడా వాడతాయి. దీని నిర్వచనాన్ని అంతర్జాల ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2021లోను, ఎంకేవీకి మూలమైన మత్రోష్కా కంటెయినరు నిర్వచనాన్ని 2024లోను ప్రచురించింది.

నిర్వచనం బహిరంగంగా ప్రచురితమైన ఫార్మాటును ఎంచుకోవడంలో ఒక ప్రయోజనం ఉన్నది. దానిని తయారుచేసిన సంస్థ మూతబడినా, ఆ నిర్వచనాన్ని చదివి ఎవరైనా కొత్త సాఫ్టువేరు వ్రాయగలరు. ఒకే సంస్థ రహస్యంగా ఉంచుకొన్న ఫార్మాటు విషయంలో ఈ భరోసా ఉండదు.

పాత మాధ్యమాల నుండి ఫైళ్ళకు మార్చడం

వీహెచ్ఎస్ క్యాసెట్టులోని సంకేతం అనలాగు రూపంలో ఉంటుంది. దానిని మార్చడానికి పనిచేసే వీసీఆర్, సంకేతాన్ని అంకెలుగా మార్చి కంప్యూటరుకు పంపే క్యాప్చరు పరికరం కావాలి. క్యాసెట్టు ఎంతసేపు నడుస్తుందో మార్పిడికి కూడా అంతసేపు పడుతుంది. మూడు గంటల పెళ్ళి క్యాసెట్టుకు మూడు గంటలు కేటాయించవలసిందే. కోస్తా ప్రాంతపు తేమ వాతావరణంలో టేపుకు బూజు పట్టే అవకాశం ఎక్కువ. బూజు పట్టిన టేపును నేరుగా వీసీఆర్లో పెడితే టేపు తెగవచ్చు, యంత్రంలోని హెడ్డు కూడా పాడవుతుంది. అటువంటి టేపును శుభ్రం చేయడం తెలిసినవారికి అప్పగించడం మంచిది.

1995 తరువాత వచ్చిన మినీ డీవీ టేపులలో సమాచారం మొదటి నుండి అంకెల రూపంలోనే ఉంటుంది. ఫైరువైరు తీగ ద్వారా దానిని ఏ మార్పూ లేకుండా కంప్యూటరులోకి ఎక్కించవచ్చు. గంట నిడివికి సుమారు 13 జీబీ అవుతుంది.

పాత వీడియోలో ఒక చట్రంలోని బేసి గీతలను ఒకసారి, సరి గీతలను మరొకసారి నమోదు చేసేవారు. నేటి తెరలపై దానిని అలాగే చూపితే కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్ళవలె కనబడతాయి. చూసేటప్పుడు సాఫ్టువేరు ఈ లోపాన్ని సరిచేయగలదు. కాబట్టి అసలు ప్రతిని మార్చకుండా ఉంచి, చూడడానికి వేరొక ప్రతిని తయారుచేసుకోవడం ఉత్తమం. రేపు ఇంతకంటే మంచి సాఫ్టువేరు వస్తే అసలు ప్రతి నుండి మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

టెలివిజను కోసం తయారైన పాత సినిమా క్యాసెట్లలో మరొక నష్టం ఉన్నది. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రం. స్కోపు చిత్రం వెడల్పు ఎత్తుకు సుమారు రెండుంపావు రెట్లకు మించి ఉంటుంది. నాటి టెలివిజను తెర వెడల్పు ఎత్తుకు ఒకటింబావు రెట్లకు కొంచెం ఎక్కువ. తెర నిండుగా చూపడానికి స్కోపు చిత్రాల రెండు ప్రక్కలనూ కత్తిరించేవారు. అటువంటి క్యాసెట్టును ఎంత జాగ్రత్తగా ఫైలుగా మార్చినా పోయిన ప్రక్కలు రావు. అదే చిత్రం పూర్తి వెడల్పుతో డిస్కుగా దొరికితే దానిని సేకరణలో ఉంచుకోవడం మేలు.

నిల్వ సాధనాలు

హార్డు డిస్కు: తక్కువ ఖర్చుతో ఎక్కువ సమాచారాన్ని దాచగల సాధనం ఇదే. లోపల తిరిగే పళ్ళాలు, వాటిపై కదిలే మీట ఉండడం వలన క్రింద పడితే పాడవుతుంది. తన వద్దనున్న వేలాది డిస్కుల వైఫల్యాలను బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా సంస్థ క్రమం తప్పకుండా ప్రచురిస్తుంది. ఆ లెక్కల ప్రకారం 2023లోను, 2024లోను నూటికి ఒకటి, రెండు మధ్య డిస్కులు చెడిపోయాయి. అవి చల్లని గదిలో, ఆగని విద్యుత్తుతో నడిచిన డిస్కులు. ఇంటి పరిస్థితులు అంత అనుకూలంగా ఉండవు.

ఎస్ఎస్‌డీ, పెన్ డ్రైవు: వీటిలో కదిలే భాగాలు లేవు, వేగం ఎక్కువ. సమాచారం విద్యుదావేశం రూపంలో ఉంటుంది. ఏళ్ళ తరబడి విద్యుత్తు అందకపోతే ఆ ఆవేశం క్రమంగా తగ్గిపోవచ్చు. కనుక ఏకైక ప్రతిని పెన్ డ్రైవులో ఉంచి బీరువాలో పెట్టడం క్షేమం కాదు.

ఇంటిలో వ్రాసుకొన్న సీడీ, డీవీడీలు: వీటిలో సమాచారం ఒక రంగు పదార్థం మీద ఆధారపడి ఉంటుంది. ఎండ, వేడి తగిలితే అది వెలిసిపోతుంది. 2000వ దశకంలో స్టూడియోలు పెళ్ళి వీడియోలను ఇటువంటి డిస్కులలోనే ఇచ్చేవి. వాటిని వీలైనంత త్వరగా ఫైళ్ళుగా మార్చుకోవాలి.

నెట్‌వర్కు నిల్వ పెట్టె: ఒకటి గాని అంతకంటే ఎక్కువ గాని హార్డు డిస్కులు ఉండి, ఇంటి నెట్‌వర్కులోని సాధనాలన్నింటికీ ఫైళ్ళను అందించే చిన్న కంప్యూటరు. దీనిని ఎన్ఏఎస్ అంటారు. పాత కంప్యూటరునే ఇందుకు ఉపయోగించవచ్చు. విద్యుత్తు హఠాత్తుగా పోయినపుడు వ్రాస్తున్న ఫైలు చెడిపోకుండా చిన్న యూపీఎస్ జతచేయడం అవసరం.

డిస్కును సిద్ధంచేసే పద్ధతిని బట్టి కూడా ఇబ్బందులు వస్తాయి. పాత ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీకి మించకూడదు. 9 జీబీ సినిమా అందులోకి ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ట్4 పద్ధతులలో ఈ అడ్డంకి లేదు.

ప్రతులు, పరీక్షలు

అనేక డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతిని రైడ్ అంటారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ఈ పేరుతో పరిశోధనా పత్రం ప్రచురించారు. ఇందులోని కొన్ని రకాలలో ఒక డిస్కు చెడిపోయినా మిగిలిన డిస్కుల సాయంతో సమాచారం నిలుస్తుంది. అయినప్పటికీ రైడ్ రెండవ ప్రతికి ప్రత్యామ్నాయం కాదు. పొరపాటున ఫైలును తుడిచివేస్తే అది అన్ని డిస్కుల నుండి ఒకేసారి పోతుంది. పిడుగుపాటు, అగ్నిప్రమాదం, దొంగతనం, వరద, వైరసు ఇవన్నీ పెట్టె మొత్తాన్ని దెబ్బతీస్తాయి.

ఇందుకు విరుగుడుగా 3-2-1 అనే నియమం ప్రసిద్ధి చెందింది. ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. మూడు ప్రతులు ఉండాలి, అవి కనీసం రెండు రకాల సాధనాలలో ఉండాలి, ఒక ప్రతి ఇంటికి దూరంగా ఉండాలి. దూరపు ప్రతి కోసం వేరే ఊరిలోని బంధువుల ఇంట్లో ఒక డిస్కు ఉంచవచ్చు. పండుగకు వెళ్ళినపుడు కొత్త డిస్కు ఇచ్చి పాతది తెచ్చుకోవచ్చు.

మొత్తం సేకరణకు మూడు ప్రతులు తీయడం చాలా కుటుంబాలకు భారమే. అప్పుడు ఏది ముందు భద్రపరచాలి అన్న ప్రశ్న వస్తుంది. బజారులో మళ్ళీ దొరికే సినిమా పోతే డబ్బు, శ్రమ మాత్రమే నష్టం. తాతగారి షష్టిపూర్తి వీడియో పోతే అది ప్రపంచంలో మరెక్కడా ఉండదు. కనుక సేకరణను మూడు తరగతులుగా విభజించుకోవడం ఉపయోగకరం:

1. మన ఇంట్లో తప్ప మరెక్కడా లేనివి: పెళ్ళిళ్ళు, కుటుంబ వేడుకలు, పెద్దల మాటలు, ఊరి నాటకాల చిత్రీకరణలు. వీటికి మూడు ప్రతులు తప్పనిసరి.
2. విపణిలో ప్రస్తుతం దొరకనివి: ముద్రణ ఆగిపోయిన డిస్కులు, పాత సినిమాలు. వీటికి రెండు ప్రతులు ఉండాలి.
3. సులభంగా మళ్ళీ కొనగలిగినవి: వీటికి మొదటి డిస్కే రెండవ ప్రతిగా పనిచేస్తుంది.

సాధారణంగా మొదటి తరగతి పరిమాణంలో అన్నింటికంటే చిన్నది. ఒక కుటుంబపు వీడియోలన్నీ ఒకే చిన్న డిస్కులో పట్టవచ్చు. అందువలన అతి ముఖ్యమైన వాటిని కాపాడడానికి అయ్యే ఖర్చు కూడా తక్కువే.

ప్రతి ఉన్నదని తెలిస్తే చాలదు, అది బాగున్నదని కూడా తెలియాలి. డిస్కులో ఒక భాగం చెడిపోయినా ఫైలు పేరు, పరిమాణం మామూలుగానే కనబడవచ్చు. దీనిని పసిగట్టడానికి చెక్‌సమ్ అనే సంఖ్యను వాడతారు. ఇది ఫైలుకు వేలిముద్ర వంటిది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఈ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఎస్‌హెచ్ఏ-256 పద్ధతిలో ఇది 64 గుర్తులుగా వస్తుంది. ఫైళ్ళన్నింటి చెక్‌సమ్‌లను ఒక పట్టికగా వ్రాసి ఉంచుకొని, ఏడాదికి ఒకసారి మళ్ళీ లెక్కించి పోల్చాలి. తేడా కనబడిన ఫైలును బాగున్న ప్రతి నుండి తిరిగి తెచ్చుకోవాలి. ఈ పరీక్ష చేయకపోతే చెడిపోయిన ఫైలునే మంచి ప్రతి మీద వ్రాసివేసే ప్రమాదం ఉన్నది.

పేర్లు, సూచిక

సేకరణ పెరిగే కొద్దీ కావలసినదానిని వెతకడం కష్టమవుతుంది. తెలుగులో ఒకే పేరుతో అనేక చిత్రాలు వచ్చాయి. భక్త ప్రహ్లాద 1932, 1942, 1967 సంవత్సరాలలో వచ్చింది. దేవదాసు 1953, 1974, 2006 సంవత్సరాలలో వచ్చింది. కనుక ఫైలు పేరులో సినిమా పేరు ప్రక్కనే విడుదలైన సంవత్సరం చేర్చాలి. ఒకే సినిమాకు వేర్వేరు రూపాలు ఉంటే అది కూడా తెలియజేయాలి. 1957 నాటి మాయాబజార్ రంగులద్దిన రూపం 2010లో విడుదలైంది. రెండూ ఉన్నవారు నలుపు-తెలుపు, రంగులు అని వేరుగా గుర్తించాలి.

కుటుంబ వీడియోలకు సూచిక మరింత అవసరం. తేదీ, ఊరు, సందర్భం, కనిపించే వ్యక్తుల పేర్లు, వారి మధ్య బంధుత్వం ఒక సాధారణ పాఠ్య ఫైలులో వ్రాసి వీడియోతో పాటే ఉంచాలి. ఇవి చెప్పగల పెద్దలు ఉన్నపుడే వ్రాసుకోవాలి. పేర్లు తెలియని ముఖాల వీడియో తరువాతి తరానికి అంతగా ఉపయోగపడదు.

పేర్లను తెలుగు లిపిలో వ్రాయడానికి నేడు అడ్డంకి లేదు. యూనికోడ్‌లో 1991లో వెలువడిన మొదటి కూర్పు నుండి తెలుగు లిపి ఉన్నది. అయితే యూనికోడ్ రాక ముందు తయారైన ఫాంటులతో వ్రాసిన పాత జాబితాలను నేటి కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనబడతాయి. వాటిని యూనికోడ్‌కు మార్చుకోవాలి. ఉపశీర్షికల ఫైళ్ళను యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచాలి. కొన్ని టెలివిజన్లలో తెలుగు ఫాంటు లేక ఉపశీర్షికల స్థానంలో ఖాళీ డబ్బాలు వస్తాయి. ఫైలులో దోషం లేదని తెలుసుకోవడానికి దానిని కంప్యూటరులో ఒకసారి తెరిచి చూడాలి.

ప్రదర్శన

అన్నింటికంటే సులభమైన పద్ధతి డిస్కును టెలివిజను యూఎస్‌బీ రంధ్రానికి తగిలించడం. టెలివిజనుకు ఆ ఫైలు కోడెక్ తెలియకపోతే చిత్రం గాని ధ్వని గాని రాదు. రెండవ పద్ధతిలో కంప్యూటరును హెచ్‌డీఎంఐ తీగతో టెలివిజనుకు కలుపుతారు. 2001 నుండి స్వేచ్ఛా సాఫ్టువేరుగా లభిస్తున్న వీఎల్‌సీ దాదాపు అన్ని రకాల ఫైళ్ళనూ ఆడిస్తుంది.

మూడవ పద్ధతిలో ఒక కంప్యూటరు లేదా నెట్‌వర్కు పెట్టె సర్వరుగా పనిచేస్తూ ఇంటిలోని తెరలన్నింటికీ సినిమాలను పంపుతుంది. ఇందుకు జెల్లీఫిన్, ప్లెక్స్ వంటి సాఫ్టువేర్లు ఉన్నాయి. జెల్లీఫిన్ 2018లో మొదలైన స్వేచ్ఛా సాఫ్టువేరు. ఎక్స్‌బాక్సు ఆటల పెట్టె కోసం పుట్టి, 2014లో కోడి అని పేరు మార్చుకొన్న మరొక స్వేచ్ఛా సాఫ్టువేరు సినిమాల జాబితాను బొమ్మలతో సహా తెరపై చూపుతుంది. చూసే సాధనానికి ఫైలు కోడెక్ తెలియనపుడు సర్వరు అప్పటికప్పుడు దానిని వేరొక కోడెక్‌లోకి మార్చి పంపగలదు. ఈ పనికి చాలా గణన శక్తి కావాలి. పాత కంప్యూటరు ఇక్కడే తడబడుతుంది.

సినిమా ఆగి ఆగి నడుస్తుంటే నెట్‌వర్కు వేగాన్ని పరిశీలించాలి. 4కే బ్లూ-రేలో ప్రవాహం సెకనుకు 128 మెగాబిట్ల వరకు చేరవచ్చు. అనేక టెలివిజన్ల ఈథర్నెట్ రంధ్రం 100 మెగాబిట్లకే పరిమితం. ఇంటి నెట్‌వర్కులో సినిమా చూడడానికి అంతర్జాల సంబంధం అవసరం లేదు. ఊరి అంతర్జాల వేగం తక్కువగా ఉన్నా ఇంట్లోని సర్వరు నుండి సినిమా నిరాటంకంగా వస్తుంది.

కదలికలో చిన్న కుదుపు కనిపించడానికి మరొక కారణం ఉన్నది. సినిమా సెకనుకు 24 చట్రాలతో తయారవుతుంది. సెకనుకు 60 సార్లు మారే తెరపై ఒక చట్రాన్ని మూడుసార్లు, తరువాతి చట్రాన్ని రెండుసార్లు చూపవలసి వస్తుంది. నెమ్మదిగా ప్రక్కకు జరిగే దృశ్యాలలో ఈ అసమానత కంటికి తెలుస్తుంది. టెలివిజనులో 24 చట్రాల అమరిక ఉంటే దానిని ఎంచుకోవాలి.

చట్టపరమైన అంశాలు

సినిమా డిస్కు కొన్నంత మాత్రాన ఆ సినిమా మీద హక్కులు కొనుగోలుదారుకు రావు. భారత కాపీరైటు చట్టం, 1957 లోని 52వ సెక్షను పరిశోధనతో సహా వ్యక్తిగత వినియోగం కోసం న్యాయమైన వాడుకను ఉల్లంఘనగా పరిగణించదు. 2012 సవరణ ద్వారా చేర్చిన 65ఏ సెక్షను ప్రకారం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో డిస్కులోని సాంకేతిక రక్షణను ఛేదించడం నేరం. ఇతర దేశాలలో నిబంధనలు వేరుగా ఉంటాయి, కాబట్టి ప్రవాసులు తామున్న దేశపు చట్టాన్ని చూసుకోవాలి. ప్రతులను ఇతరులకు పంచడం, అమ్మడం, అంతర్జాలంలో ఉంచడం వ్యక్తిగత వినియోగం క్రిందకు రావు. 2023 నాటి చలనచిత్ర సవరణ చట్టం సినిమాలను అనధికారికంగా చిత్రీకరించి ప్రదర్శించేవారికి మూడు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలు, మూడు లక్షల రూపాయలకు తగ్గని జరిమానా విధించింది. సొంతంగా చిత్రీకరించిన కుటుంబ వీడియోలను భద్రపరచడానికి ఇటువంటి ఆటంకాలు లేవు.

కొత్త సాధనాలకు మార్చడం

ఏ డిస్కూ శాశ్వతం కాదు కనుక అది చెడిపోయే వరకు వేచి ఉండరాదు. కొన్న తేదీని డిస్కు మీద వ్రాసి ఉంచి, అయిదారేళ్ళకు ఒకసారి సమాచారాన్ని కొత్త డిస్కుకు మార్చడం మంచి అలవాటు. మార్చిన తరువాత చెక్‌సమ్‌లను పోల్చి చూసి, ఆ పిమ్మటే పాత డిస్కును అదనపు ప్రతిగా ప్రక్కన ఉంచాలి. అదే సమయంలో ఫైళ్ళ ఫార్మాట్లను కూడా పరిశీలించాలి. ఏదైనా కోడెక్‌ను కొత్త సాఫ్టువేర్లు వదలివేస్తున్నాయని తెలిస్తే, ఇంకా దానిని చదవగల సాఫ్టువేరు ఉండగానే మరొక కోడెక్‌లోకి మార్చుకోవాలి.

ఈ పనులన్నీ కుటుంబంలో ఒక్కరికే తెలిసి ఉండడం కూడా ఒక ప్రమాదమే. ఏ డిస్కులో ఏమున్నది, రెండవ ప్రతి ఎవరి ఇంట్లో ఉన్నది, సర్వరును ఎలా తెరవాలి అనే వివరాలను కాగితం మీద వ్రాసి ఇంటి దస్తావేజులతో పాటు ఉంచాలి. డిస్కులకు సంకేతపదం పెట్టినవారు దానిని కనీసం మరొకరికి తెలియజేయాలి. సంకేతపదం తెలియని డిస్కు ఎంత చక్కగా పనిచేస్తున్నా, అందులోని వీడియోలను వారసులు చూడలేరు.